నాన్నగారి పేగులకి ఒక సరళ నమూనా

జూలై 9, మంగళవారం

మా ఇంటిల్లిపాదీ నాన్నగారి నుంచి ఒక చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాం. నోటి నుంచి కాదు.

నిన్న పొద్దున్న కడుపులో నొప్పన్నారు. మధ్యాహ్నానికి పేగు మెలిపడిందని తేలింది. సాయంత్రం ఖరగ్‌పూర్ మలంచా పేటలోని నర్సింగ్ హోంలో పొట్ట కోసి, చచ్చుబడిన ముక్క జానెడు తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. డాక్టర్ మైతీ బయటికొచ్చి, కుట్టు బాగానే పడింది, ఇక పేగు మేలుకోవాలి అన్నాడు. పొట్ట తెరిస్తే పేగులు అలిగి పడుకుంటాయి. మళ్ళీ కదిలాయని బయటివాళ్ళకి తెలియడానికి ఒకటే గుర్తు, గ్యాస్ పోవడం. అది పోయేదాకా ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. నోట్లో నీటిచుక్క పడకూడదు.

ఇది నాకు ఆయన చెప్పాలా? నాలుగేళ్ళుగా నా రీసెర్చంతా పేగుల మీదే. నిజం పేగు మాత్రం ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. ల్యాబ్‌లో నాకున్నది రబ్బరు గొట్టం. దాని చుట్టూ వరసగా రింగులు, ఒక్కో రింగుకీ ఒక చిన్న మోటారు, లోపల సగ్గుబియ్యం జావ. రింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగిసి వదులుతుంటే జావ ముందుకు జరుగుతుంది. ఇంత పెద్ద జీవవ్యవహారాన్ని మూరెడు గొట్టంలో ఇరికించానని నాకు లోలోపల గర్వమే.

ఇప్పుడు మా ఇంటి ఇబ్బంది. నాన్నగారు రైల్వేలో ముప్ఫయ్యేళ్ళ పైన ఉద్యోగులకి ప్రయాణపు పాసులిచ్చే సెక్షన్‌లో చేసి హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. గుడి కమిటీకి కార్యదర్శి. వరాహనరసింహం గారంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో సగం మంది చెప్పులు విడిచి మాట్లాడతారు. మా ఇంట్లో ఒంటికి సంబంధించిన ఏ మాట అనాలన్నా సంస్కృతం తప్పనిసరి. చిన్నప్పుడు నేను ఆ మాట ఒకసారి అన్నానని అన్నం ముందు నుంచి లేపేశారు. "అపానవాయువు అనాలి," అన్నారు. అప్పుడు నాకు ఆరేళ్ళు.

ఆ మాట ఇప్పటికీ నా చేతికి రాదు. ఈ డైరీ ఎవరూ చదవరు, అయినా రాదు. అంచేత దీన్ని 'సంఘటన' అని పిలుస్తాను.

నేను బాగానే ఉన్నాను. భయం ఏమీ లేదు.

జూలై 10, బుధవారం

సంఘటన జరగలేదు.

పక్క మంచం నూకయ్య గారిది. వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు, ఝపటాపూర్‌లో ఇల్లు. హెర్నియా ఆపరేషన్ అయింది కానీ సుగర్ దిగలేదని పంపించడం లేదు. ఆయన పేగులకి అలక అంటే ఏమిటో తెలియదు. పడుకున్నా, లేచినా, పక్కకి ఒత్తిగిలినా వార్డంతటికీ తెలుస్తుంది. భౌతికశాస్త్రంలో ఆదర్శ వాయువు అని పిల్లలకి చెబుతాం, అన్ని నియమాలనూ తుచ తప్పకుండా పాటించేది. ఇన్నాళ్ళకి దాన్ని కళ్ళారా చూశాను. చెవులారా కూడా.

నాన్నగారు ప్రతిసారీ కళ్ళు మూసుకుంటున్నారు. మొదట అసహ్యం అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం గమనిస్తే అసూయలా అనిపించింది.

"పంతులుగోరూ, మొగమాటపడకండి," అన్నారు నూకయ్య గారు. "ఇక్కడ ఎవులేటనుకుంటారు? మీది రాకపోతే సెప్పండి, నాదొకటి అప్పిస్తాను."

వాళ్ళావిడ చిలకమ్మ గారు ఆయన్ని కసిరింది. "నోర్ముయ్యి. పెద్దోరితో ఏటా మాటలు?"

అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. సోమవారం తర్వాత అమ్మ నవ్వడం ఇదే మొదలు. తర్వాత వరండాలోకి వచ్చి నన్ను నిలదీసింది.

"ఏటి బాబూ, ఇన్నేళ్ళబట్టి పేగులే కదా చదువుతున్నావు? మీ నాన్నగారి పేగు ఎప్పుడు లేస్తాదో చెప్పలేవా?"

"అలా చెప్పడం కుదరదమ్మా. మాది సరళమైన నమూనా."

"సరళమైతే చెప్పడం తేలికే కదేటి?"

మా గైడ్ ఘోషాల్ సర్ సెమినార్లలో కూడా ఇలాంటి ప్రశ్న వేయలేదు.

జూలై 10, సాయంత్రం

వేశాను లెక్క. నర్సింగ్ హోం కింద టీ కొట్టు బల్ల మీద కూర్చుని లాప్‌టాప్‌లో వేశాను.

మొదటి ఊహ: నాన్నగారు ఒక నిటారు గొట్టం. ఆయన స్వభావం ఎరిగినవాళ్ళకి ఇది పెద్ద ఊహేమీ కాదు. రెండో ఊహ: గొట్టం పొడవునా ఉన్న కండరాల రింగులు ఒక్కొక్కటీ సొంత తాళంలో కొట్టుకుంటాయి, పక్కదానికి స్ప్రింగుతో కట్టి ఉంటాయి. ఆపరేషన్‌తో అన్నీ ఆగిపోయాయి. పైన ఒకటి మేలుకుంటే పక్కదాన్ని కుదుపుతుంది, అది దాని పక్కదాన్ని. ఆ కుదుపు కింది దాకా వచ్చేసరికి సంఘటన. ఒక రింగు పక్క రింగుని లేపడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం నాకు కావాలి. మనుషుల్లో ఎవరూ సరిగ్గా కొలవలేదు, ఎలుకల్లో కొలిచారు. ఎలుకని పొడవు పెంచితే నాన్నగారు. అది మూడో ఊహ. బయట ఎక్కడా అనను.

జవాబు: శుక్రవారం, మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు.

అమ్మకి చెప్పాను. అమ్మ వెళ్ళి నాన్నగారికి చెప్పేసింది. చెబుతుందని నేననుకోలేదు. నాన్నగారు ముక్కులో గొట్టంతోనే నా వైపు చూసి, "ముహూర్తం పెట్టావన్నమాట," అన్నారు.

జూలై 11, గురువారం

జరగలేదు. జరగకూడదు కూడా, లెక్క ప్రకారం.

డాక్టర్ మైతీ చూయింగ్ గమ్ నమలమన్నాడు. నమిలితే అన్నం వస్తోందని పేగులు మోసపోయి కదులుతాయట. నాన్నగారు జీవితంలో నమలని వస్తువుల్లో అది ముఖ్యమైనది. నా పన్నెండో ఏట నా నోట్లోది తీయించి, దాన్ని చేతిలో పట్టుకుని నిలబడమన్నారు. ఇవాళ నేను స్ట్రాబెర్రీది కొనుక్కొచ్చి కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టాను. విష్ణుసహస్రనామం వల్లిస్తున్నంత శ్రద్ధగా నమిలారు.

"బుడగ కూడా చేయాలా?" అని అడిగారు.

"అక్కర్లేదు నాన్నగారూ."

"చేయాలంటే చెప్పు. వైద్యం సగం సగం చేయకూడదు."

నేను బయటికి వెళ్ళి నవ్వాను. చాలాసేపే నవ్వినట్టున్నాను. శుక్లా దీదీ వచ్చి, ఏం తమ్ముడూ ఏడుస్తున్నావా అని అడిగింది. వార్డు నర్సు ఆవిడే. నవ్వుతున్నానని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

జూలై 12, శుక్రవారం

అయింది! అయింది! మధ్యాహ్నం మూడున్నరకి!

నేను మందుల కొట్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి శుక్లా దీదీ మెట్ల దగ్గరే ఎదురొచ్చి, "కాకూర్ పాస్ హోయే గేఛే," అంది. బాబాయిగారికి పాసయిపోయిందట. సాయంత్రం రౌండులో డాక్టర్ మైతీకి కూడా అదే చెప్పింది. ఎలా తెలుసని డాక్టర్ అడిగితే, "నేనడిగాను, కాకూయే స్వయంగా చెప్పారు," అంది. ముక్కులో గొట్టం తీసేశారు. రెండు చెంచాల నీళ్ళు పట్టించారు. ఆ రెండు చెంచాలనీ నాన్నగారు తీర్థం తాగినట్టు తాగారు.

మూడున్నర! నా లెక్క చెప్పిన సమయానికి సరిగ్గా నడిమధ్య. ఎలుకని పొడవు పెంచితే నాన్నగారే!

ఘోషాల్ సర్‌కి మెయిల్ రాశాను, నమూనా మొట్టమొదటిసారి బతికున్న మనిషిలో నిజమైందని. మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి, రెండు తీసేసి పంపించాను.

నాన్నగారిని అడిగి రూఢి చేసుకోవాలనిపించింది. ఎలా అడగను? సంస్కృతంలో వాక్యం కూర్చుకున్నాను కూడా. ఆయన ముఖం చూడగానే నోట్లోనే ఆగిపోయింది. అయినా రెండోసారి అడగడం దేనికి? నర్సు చెప్పింది, లెక్క చెప్పింది.

పొట్ట గట్టిగా ఉన్నట్టుందని అమ్మ అంది. కోసి కుట్టిన పొట్ట గట్టిగా కాక మెత్తగా ఉంటుందా? అమ్మకి అన్నీ అనుమానాలే.

జూలై 13, శనివారం

బార్లీ నీళ్ళు ఇచ్చారు. తర్వాత పల్చటి జావ. నాన్నగారు సగం తాగి చాలన్నారు.

ఘోషాల్ సర్ జవాబు ఒక్క వాక్యం. ఒక చుక్క మీదుగా ఎన్ని గీతలైనా గీయొచ్చు, మీ నాన్నగారు ఎలా ఉన్నారు? అభినందన అన్న మాట ఎక్కడా లేదు. కొంతమందికి ఇతరుల ఆనందం ఓర్వడం చేతకాదు.

నూకయ్య గారు ఇవాళ నాన్నగారిని అభినందించారు. "సూసినారా పంతులుగోరూ, ఎంత సుఖమో! ఎంత సదువుకున్నా సుఖం సుఖమే." నాన్నగారు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. సిగ్గనుకున్నాను.

పొట్ట నిన్నటి కంటే ఎత్తుగా ఉంది. జావ తాగారు కదా.

జూలై 14, ఆదివారం

పొద్దున్న నాన్నగారు వాంతి చేసుకున్నారు. పచ్చగా, బకెట్టు నిండా. అంతవరకూ లోపల ఎక్కడ దాక్కుందో తెలియదు. పొట్ట ఉబ్బిపోయింది. డాక్టర్ మైతీ ఆదివారమని కూడా చూడకుండా చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చాడు. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. లోపల ఏమీ లేదు, నిశ్శబ్దం అన్నాడు. ముక్కులో గొట్టం మళ్ళీ పెట్టారు. అది దిగుతున్నప్పుడు నాన్నగారు నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"శుక్రవారం గ్యాస్ పాస్ అయిందన్నారే?" అన్నాడు డాక్టర్.

శుక్లా దీదీ ముఖం పాలిపోయింది. "కాకూనే చెప్పారు సార్. గ్యాస్ పాస్ హోయేఛే అని నేనడిగితే, హోయే గేఛే అని గట్టిగా రెండుసార్లు చెప్పారు."

అందరం నాన్నగారి వైపు తిరిగాం. ఆయన ముక్కులో గొట్టంతో, ఊపిరి సరిచేసుకుంటూ, నొచ్చుకున్నట్టు చూశారు.

"ఆ అమ్మాయి వచ్చి పాసయిందా అని అడిగింది. అయిందన్నాను. సోమవారం వచ్చి తీసుకెళ్ళమని కూడా చెప్పాను."

డాక్టర్ స్టెతస్కోపు మెడలో వేసుకుని దీదీ వైపు తిరిగాడు.

"ఏ పాసండీ?" అంది అమ్మ.

"ఏ పాసో తను చెప్పలేదు. ఫ్యామిలీ పాసనుకున్నాను."

నొప్పికిచ్చిన మందు మత్తులో పడుకున్న మనిషి. తలదగ్గర ఎవరో నిలబడి 'పాస్ హోయేఛే' అన్నారు. ఉద్యోగం చేసినంత కాలం ఆయన బల్ల ముందు నిలబడి ప్రతివాడూ అడిగిన ప్రశ్న అదే. అయిపోయింది, అయిపోయింది, సోమవారం వచ్చి తీసుకో. ఆయన ఎప్పుడూ చెప్పిన జవాబు అదే. ముందున్న గ్యాస్ అనే ముక్క ఆయన చెవిన పడలేదు. వెనకున్న సోమవారం అనే ముక్కని మత్తులో మాటలనుకుని దీదీ పట్టించుకోలేదు. ప్రపంచంలో మరే నర్సింగ్ హోంలోనూ మరే రోగీ ఈ జవాబు చెప్పి ఉండడు.

నూకయ్య గారు కుట్లు పట్టుకుని నవ్వారు. చిలకమ్మ గారు నవ్వింది. నేనూ నవ్వాను. దీదీ నవ్వలేక ఏడ్చింది.

నవ్వుతూనే వరండాలోకి వచ్చాను. అక్కడికొచ్చాక నవ్వు ఆగిపోయింది. దీదీకి తెలియకపోవచ్చు. నాకు తెలిసి ఉండాల్సింది. పాస్ హోయేఛే అన్న మాట మా ఇంటి గుమ్మంలో, గుడి మెట్ల దగ్గర, కూరగాయల బజారులో నాన్నగారిని అడగని రోజు లేదు. అవన్నీ వింటూ పెరిగినవాణ్ణి. మెట్ల దగ్గర దీదీ ఆ మాట అన్నప్పుడు, నా లెక్క నిజమైందన్న సంబరం తప్ప నాకింకేమీ వినిపించలేదు.

జూలై 14, సాయంత్రం

పొట్ట గట్టిగా ఉందని అమ్మ శుక్రవారమే చెప్పింది.

జూలై 15, సోమవారం

రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయిందని తేలింది. అది తగ్గితే కండరం ఎంత కుదిపినా లేవదట. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తున్నారు. నా నమూనాలో పొటాషియం లేదు. మత్తుమందు లేదు. అరవై ఏడేళ్ళ వయసు లేదు, నాన్నగారికున్న సుగర్ లేదు. ఒక గొట్టం, కొన్ని రింగులు, ఒక ఎలుక ఉన్నాయి.

కుట్టు దగ్గరే ఏదైనా తేడా వచ్చిందేమోనని కూడా డాక్టర్‌కి అనుమానం. రేపు సాయంత్రం దాకా చూస్తాను, అప్పటికీ కదలకపోతే మళ్ళీ తెరవాలి అన్నాడు. అరవై ఏడేళ్ళ మనిషికి వారం తిరగ్గానే రెండోసారి ఎలా ఉంటుందని అడిగాను. ఆయన మంచివాడు, అబద్ధం చెప్పలేదు.

అమ్మకి నేను అంత వివరంగా చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు. సాయంత్రం టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "తిను," అంది. తినలేకపోయాను.

"ఏటయింది నీకు?"

"నేను లెక్క చెప్పకపోయి ఉంటే బాగుండేదమ్మా. శుక్రవారం శుక్రవారం అని అందరం అనుకున్నాం. అందుకే ఎవరం రెండోసారి అడగలేదు."

అమ్మ నా తల మీద చెయ్యేసింది. "అడిగినది నేను కదేటి? నువ్వు చెప్పినావు. ఆయన సోమవారం రమ్మన్నారు. సోమవారం వచ్చింది, పాస్ రాలేదు. తిను."

నవ్వొచ్చింది. ఒక ఇడ్లీ తిన్నాను.

ఘోషాల్ సర్‌కి మెయిల్ పెట్టాను, శుక్రవారం చెప్పినది తప్పు, జరగలేదు అని. అయిదు నిమిషాల్లో ఫోన్ చేశారు. నమూనా గురించి ఒక్క మాట అడగలేదు. రక్తం కావాలంటే ల్యాబ్ మొత్తాన్ని పంపిస్తానన్నారు. ఓర్వలేనివాడని రాశాను కదా శనివారం, ఆ వాక్యం కొట్టేయాలి. కొట్టేయను. ఉండనీ, చదువుకుని సిగ్గుపడతాను.

భయంగా ఉంది.

జూలై 16, మంగళవారం

పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళాను. జరగలేదు. తొమ్మిదింటికి జరగలేదు. నడిపించమని డాక్టర్ చెప్పి వెళ్ళాడు. నాన్నగారికి ఊత నేనే, సెలైన్ స్టాండు తోసేదీ నేనే. వరండా ఈ కొస నుంచి ఆ కొసకి, మళ్ళీ వెనక్కి. నూకయ్య గారు మంచం మీద నుంచి జెండా ఊపినట్టు తువ్వాలు ఊపుతున్నారు. "నడవండి బాబూ, నడవండి. సిగ్నలు పడినాది."

మూడో చుట్టులో కిటికీ దగ్గర నాన్నగారు ఆగారు. బయట వాన. రిక్షాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాలు గాలికి లేస్తున్నాయి. ఆయన నోట్లో గమ్ ఉంది, నమలడం ఆపారు.

"విశ్వం, నీ లెక్క ఏమంటోంది?"

వెటకారం కాదు. నిజంగా అడిగారు. నా జీవితంలో ఆయన నన్ను ఏ విషయంలోనూ ఇలా అడగలేదు, నాకు తెలిసిన సంగతి తనకి తెలియనట్టు.

ఏదో ఒకటి చెప్పొచ్చు. పొటాషియం కలిపి మళ్ళీ వేశాను, మధ్యాహ్నానికి అవుతుంది అని చెబితే ఆయన నమ్మేవారు. నమ్మి ధైర్యంగా ఉండేవారేమో.

"లెక్క తప్పు నాన్నగారూ. మిమ్మల్ని గొట్టమనుకున్నాను. నాకేమీ తెలియదు."

ఆయన తల ఊపారు. కోపం రాలేదు. "మరి ఇప్పుడేం చేద్దాం?"

"ఇంకో చుట్టు తిరుగుదాం."

"పద."

తిరిగాం. ఎన్ని చుట్లో గుర్తులేదు. ఆయన బరువు కొంచెం కొంచెంగా నా భుజం మీదకి వస్తోంది. వాన వినిపిస్తోంది, సెలైన్ స్టాండు చక్రం కీచుమంటోంది. మధ్యలో ఒకసారి, "నాకు భయంగా ఉందిరా," అన్నారు. నాకూ అన్నాను. అంతకంటే మాట్లాడుకోలేదు. అలా చెప్పుకున్నాక మాత్రం నడక కొంచెం తేలికయింది, ఇద్దరికీ.

మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. చిలకమ్మ గారు ఇంటి నుంచి క్యారియర్ తెచ్చి, నూకయ్య గారి ముందు మూత తీసింది. వార్డంతా చేపల పులుసు వాసన. మా నాన్నగారు చేపల వాసనకి మామూలుగా ముక్కు మూసుకునే మనిషి. ఇవాళ గుమ్మంలో ఆగిపోయి, గొట్టం ఉన్న ముక్కుతోనే గాలి లోపలికి పీల్చారు. పొట్టలో ఏదో గుడగుడమంది. ఇద్దరికీ వినిపించింది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నాన్నగారూ?"

"మాట్లాడకు."

వార్డు గుమ్మంలో, నలుగురూ చూస్తుండగా, గుడి కమిటీ కార్యదర్శి వరాహనరసింహం గారు ఒక కాలు కొంచెం పక్కకి జరిపారు.

పొడుగ్గా వచ్చింది. వంకరటింకరగా, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలై, చివర చిన్న ప్రశ్నతో ముగిసింది. ఏ నమూనాకీ అందని చప్పుడు. ఆయన ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. తర్వాత నేను ఎన్నడూ వినని గొంతుతో, వార్డు అదిరేలా అరిచారు.

"పిత్తినాన్రా విశ్వం! పిత్తినాను!"

అమ్మ మంచం దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏటన్నారు? ఏటన్నారండీ?"

"పిత్తినానే నాగవల్లీ!"

పేరు పెట్టి పిలిచారు, అందరి ముందూ. అమ్మ ఆయన రెండు చెంపలూ పట్టుకుంది. నూకయ్య గారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ చప్పట్లు కొట్టారు, అన్నం మెతుకులు చుట్టూ ఎగిరాయి. శుక్లా దీదీ పరుగెత్తుకొచ్చి, అర్థం కాక, క్యా హువా క్యా హువా అంటోంది. ఎవరూ చెప్పేలోపల నాన్నగారు రెండోది విడిచి ఆవిడకి తర్జుమా చేశారు.

సాయంత్రం డాక్టర్ మైతీ వచ్చాడు. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, మెల్లగా నవ్వు దాచుకున్నాడు. తెరవక్కర్లేదు అన్నాడు. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని వార్డు మొత్తాన్ని కలయజూశాడు.

"పోయినసారి జరిగినట్టు జరగకూడదు. ఈసారి స్వయంగా విన్నవాళ్ళు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. నూకయ్య గారు రెండు చేతులూ ఎత్తారు. అమ్మ, చిలకమ్మ గారు, మూల మంచం మీదున్న సాలువా పోలీసు క్యాంపు సిపాయి, వాళ్ళమ్మ, వార్డు తుడిచే ఆమె. అందరికంటే ముందు ఎత్తింది నాన్నగారు, సెలైన్ ఎక్కుతున్న చెయ్యే ఎత్తితే దీదీ పట్టుకుని దించింది.

నేను ఎత్తలేకపోయాను. రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఉన్నాను.

"కొడుకు వినలేదా?" అన్నాడు డాక్టర్.

"విన్నాడు డాక్టర్," అన్నారు నాన్నగారు. "వాడి పరిశోధనంతా దీని మీదే."

ఆ మాట ఆయన బెంగాలీలో, వార్డులో అందరికీ అర్థమయ్యేలా చెప్పారు.